సకినం పేరు పెట్టి మురుకు బొమ్మ వేస్తున్నారు

సంపాదకుల వారికి నమస్కారాలు.

వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పిండివంటల దుకాణాలు ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల ద్వారా ఊరు దాటి సరుకు అమ్ముకోగలుగుతున్నాయని మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. అలాంటి దుకాణాల పోస్టులకు బొమ్మలు గీసిపెట్టడమే తొమ్మిదేళ్లుగా నా జీవనాధారం కనుక, ఆ కథనంలో ప్రస్తావనకు రాని ఒక విషయాన్ని పాఠకుల ముందుంచాలనుకుంటున్నాను. అమ్మేది మన పిండివంటే అయినా, దాని పేరుతో ఫోన్లలో తిరుగుతున్న బొమ్మ చాలాసార్లు దానిది కాదు.

సకినాన్నే తీసుకుందాం. నానబెట్టి వడగట్టిన బియ్యాన్ని పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, ఆ తడిపిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ తెల్లబట్ట మీద చుట్లుగా పోస్తారు. బట్ట తడిని పీల్చుకున్నాక విరగకుండా ఒక్కొక్కటే తీసి నూనెలో వేస్తారు. చేత్తో పోసినది కాబట్టి చుట్టు అంతా ఒకే లావుగా ఉండదు, వేళ్ల మెలిక తాడు పేనినట్టు కనిపిస్తుంది, చుట్టు మొదలూ చివరా కలిసిన చోట చిన్న బుడిపె తేలుతుంది. మురుకు అలా కాదు. అది గొట్టంలోంచి నొక్కగా వచ్చినది కనుక అంచులు కోణాలు తేలి, మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా సుడి తిరిగి ఉంటుంది. రెడీమేడ్ టెంప్లేట్లలో దొరికేది ఈ రెండోదే. కృత్రిమ మేధతో బొమ్మ చేయించుకుందామని ‘సకినం’ అని అడిగితే నాకు ఒకసారి మురుకు, మరొకసారి జిలేబీ వచ్చాయి. దాని కింద ‘మన సకినాలు’ అని పెద్ద అక్షరాలు వేసి పంపేస్తున్నవారు ఉన్నారు. సకినాలు పోయడం ఎన్నడూ చూడని పిల్లలు, అందులో మన పిల్లలే ఎక్కువ, అదే సకినమనుకుంటారు.

రంగు విషయంలో పేచీ ఇంకా పెద్దది. “కొంచెం ఎర్రగా చేయండి మేడమ్, చూడగానే తినబుద్ధి కావాలి” అన్నది నాకు ప్రతి సంక్రాంతికీ వచ్చే కరెక్షన్. సరిగ్గా వేగిన సకినం తెల్లగానే ఉంటుంది. ఎర్రబడిన సకినాలను మా అమ్మ సారెకు పనికిరావని పక్కన పెట్టేది. వాటినే బొమ్మలో పెట్టమని నన్ను అడుగుతున్నారు. ఇక నువ్వులు: 1080 పిక్సెళ్ల వెడల్పు, 1350 పిక్సెళ్ల ఎత్తు ఉన్న పోస్టు ఫోను మీదికి వచ్చేసరికి అరచేతి కన్నా చిన్నదవుతుంది. అందులో నువ్వును గుండ్రటి చుక్కగా పెడితే మట్టి అంటినట్టుంటుంది, నల్లగా పెడితే చీమలు పట్టినట్టుంటుంది. ఒక కొన సన్నగా, ఒక కొన లావుగా, లేత గోధుమ రంగులో, అటొకటి ఇటొకటి ఒరిగినట్టు గీస్తేనే నువ్వు నువ్వులా కనిపిస్తుంది. ఈ సంగతి నాకు పళ్లెంలో సకినం ముందు పెట్టుకుని గీసిన రోజునే తెలిసింది.

అలాగని తప్పంతా దుకాణదారులదేనని నేను అనను. రెండేళ్ల కిందట ఒక దుకాణం మిక్చర్ పొట్లానికి పోస్టు గీస్తుండగా, యజమాని రఫ్ చూసి నాలుగు జీడిపప్పులు చల్లమన్నారు. పొట్లంలో ఉన్నవి పల్లీలు, పుట్నాలు, కరివేపాకు మాత్రమేనని నాకు తెలుసు, అయినా చల్లాను. వారం తిరగకముందే ఒకాయన పొట్లం విప్పి పేపరు మీద పరిచి, ఫొటో తీసి, జీడిపప్పు ఎక్కడుందో చూపించమని ఆ పోస్టు కిందే పెట్టారు. ‘డిజైనర్ పొరపాటు’ అని యజమాని జవాబిచ్చారు. గీయనని నేను ఆ రోజే చెప్పి ఉండాల్సింది.

ఫొటో కాదు, బొమ్మే కదా అన్న సమర్థన చట్టం ముందు నిలిచేది కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘ప్రకటన’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఇంటర్నెట్‌లో కనిపించే ప్రచారమూ ఉంది, లేబులూ ఉంది, పొట్లం కాగితమూ ఉంది; పొగతో చేసే ప్రచారాన్ని సైతం వదలలేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రకటనలోని మాట ఏ భాషలో ఉంటే, దానికి జోడించే గమనిక కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో ఊరించి, ‘ఇది ఊహాచిత్రం మాత్రమే’ అన్న ముక్కను అడుగున ఇంగ్లిషులో చీమతలకాయంత రాయడం కుదరదన్నమాట. ‘స్వచ్ఛమైన’, ‘సహజ’, ‘సంప్రదాయ’ వంటి మాటలకు కూడా ఆహార భద్రతా సంస్థ 2018 నియమావళిలో షరతులున్నాయి. మా దగ్గరికి వచ్చే ఆర్డర్లలో ఈ మూడు మాటలూ లేనిది అరుదు.

తెలుగు అక్షరాల గతి మరొకటి. ‘సర్వపిండి’లో వకార వత్తు రకారం కిందికి చేరక, పొల్లుతో పక్కపక్కన నిలబడి ‘సర్‌వపిండి’గా అచ్చయిన పోస్టులు ఎన్ని చూశానో లెక్కలేదు. పాత ఫోటోషాప్‌లోనైనా టైపు సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఎంపికను పెట్టుకుంటే పోయే తప్పు ఇది. మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఖతులు (ఫాంట్లు) ఉచితంగానే దొరుకుతున్నాయి.

ఈ మధ్య చెర్యాల బొమ్మల ముఖాలను పటాల నుంచి స్కాన్ చేసి, వాటి చేతుల్లో చిప్స్ పొట్లాలు పెట్టే పద్ధతి కూడా మొదలైంది. ఎర్రటి నేపథ్యం, పెద్ద కళ్లు చూడగానే ఆకట్టుకుంటాయి, నిజమే. కానీ బట్టకు సుద్ద, చింతగింజల జిగురు పూసి ఆ పటాలు గీసే నకాషీ కళాకారులు ఇప్పటికీ పని చేస్తున్నారు, భౌగోళిక గుర్తింపు ఉన్న కళ అది. కావలసినవారు చెర్యాలకు వెళ్లి, డబ్బులిచ్చి గీయించుకోవచ్చు. హనుమకొండ నుంచి అదేమంత దూరం కాదు.

నా వంతుగా నేను ఈ ఏడాది నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఆర్డరుతో పాటు సరుకు కూడా పంపితేనే పెన్ను పడతాను. ఇద్దరు పాత క్లయింట్లు నవ్వి ఊరుకున్నారు, ఒకరు మానేశారు, మరొకరు గరిజెలు డబ్బా నిండా పంపారు.

చివరగా ఒక మనవి. కిందటి సంక్రాంతికి మీ పండుగ పేజీలో సకినాల మీద వచ్చిన వ్యాసం బాగుంది, కానీ దాని పక్కన వేసినది మురుకుల బొమ్మ. ఈసారి పది రోజుల ముందు కబురు చేస్తే సకినం గీసి పంపగలను.

భవదీయురాలు,
ఒక చిత్రకారిణి, హనుమకొండ