మోడెమ్ మార్చే ముందు అడాప్టర్ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈదురుగాలులు, కరెంటు కోతలు మొదలయ్యాయంటే ఇళ్లలో ఫైబర్ ఇంటర్నెట్ మోడెమ్‌లు మొరాయిస్తాయి. నెట్ వస్తూ పోతూ ఉంటే మోడెమ్ పాడైందని అనుకోవడం, కొత్త దానికి డబ్బు కట్టడం ఎక్కువైపోయింది. చాలాసార్లు తప్పు మోడెమ్‌ది కాదు, దానికి కరెంటు అందించే అడాప్టర్‌ది. రెండు మూడు వందల రూపాయలతో తీరిపోయే పనికి జనం వేలు పోసుకోవడం మాకు బాధగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు లైట్లు చూడాలి. పవర్ లైటు నిలకడగా ఉండి ఎల్ఓఎస్ లైటు (ఫైబర్‌లో సిగ్నల్ అందడం లేదని చెప్పేది) మాత్రం ఎర్రగా ఉంటే అడాప్టర్ జోలికి వెళ్లనక్కర్లేదు. ఫైబర్ ఎక్కడో తెగింది, లేదా బాగా మడత పడింది. అలా కాక లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయి, మళ్లీ పవర్ లైటుతో మొదలై ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటే మోడెమ్ రీస్టార్ట్ అవుతోందన్నమాట. ఇంట్లో నలుగురూ ఒకేసారి వీడియోలు పెట్టినప్పుడే ఇలా జరుగుతుంటే అనుమానం మొదట అడాప్టర్ మీదే పడాలి. వైఫైకి పని పెరిగితే మోడెమ్ లాగే కరెంటు పెరుగుతుంది. నీరసించిన అడాప్టర్ అప్పుడు వోల్టేజీ నిలబెట్టలేదు.

అడాప్టర్ నీరసించడానికి ముఖ్య కారణం లోపల వోల్టేజీని నిలకడగా ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోవడం. వీటికి వేడి పడదు. సుమారు 10 డిగ్రీల వేడి పెరిగితే వీటి ఆయుష్షు సగానికి పడిపోతుంది. టీవీ వెనక గోడ సందులో, సెట్‌టాప్ బాక్స్ మీద, గుడ్డ కప్పిన స్టూలు కింద రాత్రింబవళ్లూ ప్లగ్గులోనే ఉండే అడాప్టర్ తొందరగా పోయేది అందుకే.

మల్టీమీటరు ఉన్నవాళ్లు డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబు పిన్ను లోపలికి, నల్లది బయటి లోహానికి ఆనించి చూస్తారు. 12 కనిపించగానే అడాప్టర్ బాగానే ఉందని తేల్చేస్తారు. పొరపాటు అక్కడే జరుగుతోంది. లోడు, అంటే కరెంటు లాగే పరికరం, లేనప్పుడు పాడైన అడాప్టర్ కూడా నిక్షేపంగా 12 చూపిస్తుంది. లోడు పెట్టి కొలవాలి. 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టరైతే 15 ఓముల 20 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి కలిపితే 0.8 ఆంపియర్ లాగుతుంది. 2 ఆంపియర్లదైతే అలాంటివి రెండు పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా కలపాలి. రెసిస్టర్ చేయి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి టైలు మీద పెట్టి, రెండు నిమిషాలకు మించకుండా చూడాలి. వోల్టేజీ 11.4కు పైన నిలబడితే మంచిది. 11 కంటే కిందికి జారినా, అంకె గెంతుతున్నా అడాప్టర్ పని అయిపోయినట్లే. మీటరు లేని ఇంట్లో, అదే రేటింగున్న ఇంకో అడాప్టర్ ఒక పూట పెట్టి చూస్తే చాలు.

వైరు పిన్నులోకి దూరే మెడ దగ్గర అటూఇటూ కదిపి కూడా చూడండి. కదిపినప్పుడు లైట్లు ఆరితే లోపల తీగ తెగింది, లేదా మోడెమ్ సాకెట్టు టంకం వదిలింది. తీగ తెగితే అడాప్టర్ మార్చితే సరిపోతుంది, సాకెట్టు టంకం వదిలితే మాత్రం అడాప్టర్ మార్చినా పోదు.

కొత్తది కొనేటప్పుడు మోడెమ్ అడుగున ఉన్న లేబులే ప్రమాణం. వోల్టేజీ అచ్చంగా అదే ఉండాలి. 5 వోల్టుల మోడెమ్‌కు 12 వోల్టుల అడాప్టర్ పెడితే కాలిపోతుంది. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ పిన్ను పట్టింది కదా అని పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆంపియర్లు మాత్రం లేబుల్ మీద ఉన్నంతో, అంతకంటే ఎక్కువో ఉండొచ్చు. 1 ఆంపియర్ మోడెమ్‌కు 2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే కాలిపోతుందన్న భయం అక్కర్లేదు, మోడెమ్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. ప్లస్ మధ్యలో ఉందో బయట ఉందో రెండు లేబుళ్ల మీది బొమ్మలు పోల్చండి. పిన్ను బయటి కొలత సాధారణంగా 5.5 మిల్లీమీటర్లు, లోపలిది 2.1 లేదా 2.5. 2.1 సాకెట్టులో 2.5 పిన్ను సులువుగానే దూరుతుంది కానీ వదులుగా ఉండి, నిప్పురవ్వలు వచ్చి నల్లబడుతుంది. అడాప్టర్ లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. పాత అడాప్టర్‌ను ఇంట్లో విప్పకండి. అందులో ఒక కెపాసిటర్ సుమారు 325 వోల్టుల దాకా పట్టి ఉంటుంది, ప్లగ్గు తీసినా కొంతసేపు షాక్ కొడుతుంది.

మినీ యూపీఎస్ పెట్టుకున్న ఇళ్లలో ఒక చిత్రమైన ఫిర్యాదు వింటాం: కరెంటు పోయినప్పుడు నెట్ బాగానే ఉంటుంది, వచ్చాకే ఆగి ఆగి నడుస్తుంది. మోడెమ్‌తో వచ్చిన 1 ఆంపియర్ అడాప్టరే యూపీఎస్‌కు తగిలించి ఉంటారు. కరెంటు రాగానే అది ఖాళీ బ్యాటరీని ఛార్జ్ చేస్తూ మోడెమ్‌నూ మోయాలి, రెండూ దానివల్ల కాదు. అక్కడ యూపీఎస్ లేబుల్ అడిగిన అడాప్టర్, సాధారణంగా 2 ఆంపియర్లది, పెట్టాలి. పవర్ బ్యాంకుకు 5ను 12 వోల్టులు చేసే కేబుల్ తగిలించేవాళ్లదీ ఇదే తంతు. 12 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ కావాలంటే 5 వోల్టుల దగ్గర, మార్పిడిలో పోయేది కలిపి, సుమారు 2.7 ఆంపియర్లు లాగాలి. 2 ఆంపియర్ల పవర్ బ్యాంకు ఇవ్వలేదు.

ఈదురుగాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగితే ఇంట్లోకి 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. బల్బులు ఉన్నట్టుండి మరీ ప్రకాశంగా వెలిగి, ఫ్యాన్లు జోరందుకుంటే వెంటనే మెయిన్ కట్టేయండి.

ఇంటర్నెట్ సంస్థలను మేం కోరేది మూడు. ఇంటికొచ్చే టెక్నీషియన్ సంచిలో మల్టీమీటరు, పైన చెప్పిన రెసిస్టర్, మంచి అడాప్టర్ ఒకటి ఉండాలి. అడాప్టర్‌ను లోడు మీద కొలవకుండా మోడెమ్ మార్చాలని చెప్పకూడదు. అడాప్టర్ ఒక్కటే కావాలన్నవారికి దాన్ని విడిగా, రసీదుతో అమ్మాలి.

ఇట్లు,
ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు పనివారు,
తెనాలి