భీమిలి నడక: శని, ఆదివారాలు

అందరికీ నమస్కారం.

వచ్చే శనివారం బయల్దేరుతున్నాం. తెల్లవారుజామున 5 గంటలకు ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కలుద్దాం. అయిదున్నర దాటితే ఆగం. ఆలస్యమైనవాళ్లు ఆటో ఎక్కి వెనకాల రావాల్సిందే.

తీరం వెంట భీమిలి దాకా సుమారు 25 కిలోమీటర్లు. శనివారం రాత్రి రుషికొండలో బస. ఆదివారం తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు. మంగమారిపేట రాతి తోరణం దగ్గరికి సముద్రం వెనక్కి తగ్గినప్పుడే వెళ్లగలం. అందుకే ఆదివారం ఎన్నింటికి బయల్దేరేదీ ఆటుపోట్లు చూసి శనివారం రాత్రి చెప్తాను. దిబ్బల అంచులు ఎక్కి ఫొటోలు దిగకండి, అక్కడి మట్టి చెయ్యి తగిలితేనే రాలిపోతుంది.

పోయినసారి జోడుగుళ్లపాలెం టీ కొట్టు దగ్గర కలిసిన నాగ్‌పూర్ జంట గుర్తున్నారుగా? మన పులిహోర సగం లాగించి, తమ సంత్రా బర్ఫీ డబ్బా మొత్తం మనకే ఇచ్చేశారు. ఈసారి వాళ్లూ వస్తున్నారు. వాళ్లకి తెలుగు రాదు, మన హిందీ సంగతి తెలిసిందే. అయినా సరే, పలకరించండి. మనలో మనమే గుంపు కట్టి నడవొద్దు.

తెచ్చుకోవాల్సినవి: రెండు లీటర్ల నీళ్లు, టోపీ, తువ్వాలు, ఒక జత బట్టలు. బ్యాగు తేలిగ్గా ఉండాలి, మోసేది మీరే. కొత్త బూట్లు మాత్రం వద్దు, పోయినసారి నా మడమలు ఏమయ్యాయో చూశారు.

బసకి, భోజనానికి మనిషికి 900 రూపాయలు. బుధవారం రాత్రిలోగా పంపి, ఇక్కడ పేరు పెట్టండి.

మళ్లీ చెప్తున్నా: సముద్రంలో మోకాళ్లు దాటి ఎవరూ దిగొద్దు. ఈత వచ్చినవాళ్లు కూడా.