హెడర్ లేని బావి లాగ్‌ల గురించి మంత్రిగారికి బహిరంగ లేఖ

ఇంధన వనరుల శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

పాత చమురు బావుల లాగ్‌లను, అంటే బావిలో లోతు వారీగా రాళ్లను కొలిచిన రికార్డులను, స్ప్రెడ్‌షీట్లుగా మార్చి జనం ముందు పెడుతున్నారు, సంతోషం. ఆ షీట్లతో రోజూ కుస్తీ పట్టేవాణ్ని కాబట్టి ఒక్క మాట చెప్పుకుంటాను. మార్చేటప్పుడు హెడర్‌ను అవతల పారేస్తున్నారు.

ఈ లాగ్‌లను దాచే లాస్ (LAS) అనే టెక్స్ట్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. కెనడియన్ వెల్ లాగింగ్ సొసైటీ 1989లో ఈ పద్ధతిని తెచ్చింది కూడా అందుకే. పైన హెడర్‌లో బావి వివరాలు, కర్వుల (ఒక్కో రకం కొలతల) పేర్లు, యూనిట్లు ఉంటాయి. అంకెల వరుసలు అడుగున ఉంటాయి. మాకు అందుతున్నది ఆ అడుగు భాగం మాత్రమే.

మొన్న ఒక షీటులో డెన్సిటీ కాలమ్ చూశాను. వరుసగా మూడు గళ్లలో 2.41, 2.38, -999.25. ఆ మూడోది కొలత కాదు, అక్కడ రీడింగ్ లేదని చెప్పే గుర్తు. ఆ సంగతి చెప్పే నల్ అన్న లైను హెడర్‌లోనే ఉంటుంది. అది తెలియని విద్యార్థి సగటు తీస్తే మైనస్ 331.49 వస్తుంది! అంత తప్పు కనబడిపోతుంది కాబట్టి నయం. లోతు మీటర్లలోనా, అడుగుల్లోనా అన్నది తేలకపోతేనే అసలు చిక్కు. వరుసకూ వరుసకూ మధ్య 0.1524 తేడా ఉంటే అర అడుగును మీటర్లలో రాశారని పోల్చుకుంటాం. 0.5 ఉంటే? అడుగులే అయ్యుండాలి అనుకుంటాం, ఒట్టు వేయలేం. పొర మందం లెక్క మూడు రెట్లు అటూ ఇటూ అయ్యే చోట ఊహల మీద నడవాల్సి వస్తోంది.

దీనికి టెండర్లు అక్కర్లేదు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో లాసియో అనే ఉచిత లైబ్రరీ ఉంది. ఫైలు చదివి, నల్ విలువలున్న గళ్లను ఖాళీగా వదిలి, కర్వులను ఒక షీటులో, హెడర్‌ను రెండో షీటులో పెట్టడానికి పాతిక లైన్ల స్క్రిప్టు చాలు. బావి నంబర్లను మాత్రం టెక్స్ట్‌గానే ఉంచమనండి. లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 3-12 లాంటి పేరు కాస్తా తేదీగా మారి కూర్చుంటుంది.

ఆ స్క్రిప్టునూ అసలు లాస్ ఫైలునూ షీటు పక్కనే పెట్టించండి. ఇప్పటికే విడుదలైన వాటిని మళ్లీ మార్చేదాకా, కనీసం ప్రతి కాలమ్ పేరు పక్కన యూనిట్ రాయించండి.

ఇట్లు,
లాగ్‌లు చదువుకుని బతికే ఒక పెట్రోఫిజిసిస్టు