పెట్టలు అడిగితే పుంజులు వస్తున్నాయి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మల్కాజిగిరిలో పాత ఇల్లు మాది. వెనక కాస్త పెరడు, ఓ జామచెట్టు, దాని కింద కొన్ని కోళ్లు. చుట్టుపక్కల అపార్టుమెంట్లు లేచినా మాలాగా కోళ్లు పెంచుకునే ఇళ్లు హైదరాబాద్‌లో ఇంకా చాలానే ఉన్నాయి. మా అందరి గొడవ ఒక్కటే. గుడ్ల కోసం పిల్లల్ని తెచ్చుకుంటే నాలుగైదు నెలలకు పెరడంతా పుంజులే కనిపిస్తాయి.

ఎందుకో మీ శాఖకు తెలియంది కాదు. పెరటి రకాల పిల్లల్ని మామూలుగా ఆడా మగా కలిపే అమ్ముతారు. పది తెచ్చుకుంటే అటూ ఇటూగా సగం పుంజులే అవుతాయి. జుట్టు ఎర్రబడి, మెడ ఈకలు సూదిగా మొలిచేదాకా ఏది ఏదో మాకు తెలియదు. పెద్ద ఫారాలకు వెళ్లే లేయర్ (గుడ్ల రకం) పిల్లల్ని మాత్రం పుట్టిన రోజే వేరుచేసి పెట్టల్నే పంపుతారు. అంటే ఆ విద్య తెలిసినవాళ్లు ఉన్నారు, మా దాకా రావడం లేదంతే.

పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెడుతుంది. అది పొదిగినా పిల్ల కాదు, అంతే తేడా. పిల్లలు కావాలనుకున్నా ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. అయిదు పెట్టలకు నాలుగు పుంజులైతే ఏమవుతుందో మా ఇంటికొస్తే చూపిస్తాను. ఎక్కేటప్పుడు పుంజు పెట్ట మెడ ఈకల్ని ముక్కుతో పట్టుకుంటుంది, వీపు మీద గోళ్లు దిగుతాయి. రోజూ ఇదే తంతు అయితే మెడా వీపూ బోడిగా, ఎర్రగా అవుతాయి. మా నల్లపెట్ట పొద్దంతా రేకుల కప్పు మీదే కూర్చునేది. నూకలు చల్లినా దిగేది కాదు, పుంజులు పక్కకు పోయాక వచ్చి నాలుగు గింజలు ఏరుకుని మళ్లీ పైకి ఎగిరేది. ఇంక గుడ్లేం పెడుతుంది?

ఇక కూత. పుంజు వెలుగు చూసి కూస్తుందని అనుకుంటాం. దాని ఒంట్లోనే గడియారం ఉందని, చీకట్లో ఉంచినా వేళకు కూస్తుందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో తేల్చారు. గుంపులో పెద్ద పుంజు ముందు మొదలుపెడితే మిగతావి హోదా ప్రకారం అందుకుంటాయట. ఈ హోదాల సంగతి మా ఎదురింటాయనకు ఎలా చెప్పను? "ఏందమ్మా గిది, మూడున్నరకే షురూ చేస్తున్నయి, డ్యూటీ నుంచి వచ్చి పండుకునేదే రెండింటికి" అంటాడు. ఆయన మాటలో తప్పేం లేదు. రెండు అపార్టుమెంట్ల గోడల మధ్య ఆ కూత ఇంకా ఖంగున మోగుతుంది. ఫిర్యాదు చేస్తే పుంజులతోపాటు పెట్టల్ని కూడా తీసేయమంటారేమోనని మాకు టెన్షన్.

కోసుకు తినొచ్చు కదా అంటారు. తింటాం, చాలా ఇళ్లలో జరిగేది అదే, అందులో దాపరికం లేదు. అందరివల్లా కాదు, అన్ని పుంజులూ ఒకేసారి కాదు. బోనాల నెలలో గిరాకీ ఉంటుంది. మిగతా కాలంలో చికెన్ షాపుకు తీసుకెళ్తే, నాటుకోడిని అంత రేటుకు అమ్మేవాళ్లే మన దగ్గర కొనాల్సి వచ్చేసరికి మొహం తిప్పుకుంటారు. సంక్రాంతి ముందు మాత్రం పొడుగు కాళ్ల పుంజు ఉందా అని అడుగుతూ వస్తారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే, అయినా వస్తారు.

అందుకని అడుగుతున్నాను. పెరటి కోళ్ల కోసం వనరాజా, గ్రామప్రియ రకాల్ని తయారుచేసిన కోళ్ల పరిశోధన సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. అది కేంద్ర సంస్థే అయినా, వాళ్లతో మాట్లాడి నగరం వాళ్లకు పెట్టల్ని విడిగా అమ్మే ఏర్పాటు చేయించండి. తొలిరోజు వేరుచేయడం కష్టమైతే రెండు నెలలు పెంచి ఇవ్వండి, ఆ ఖర్చు మేమే పెట్టుకుంటాం. మిగిలే పుంజుల్ని మేలుజాతి కోసం ఊళ్లలోని పెంపకందార్లకు ఇవ్వొచ్చు. మున్సిపల్ శాఖతో కూర్చుని ఒక నిబంధన కూడా తేల్చండి: ఇరుకు కాలనీల్లో ఇంటికి ఇన్ని పెట్టలు ఉండొచ్చు, పుంజు వద్దు అని. కోళ్లు పెంచేదాన్నే ఇలా అడగడం వింతగా ఉండొచ్చు గానీ, పుంజు కోసం పెట్టల్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

ఆ నిబంధనతోపాటు మా పేర్లు రాసుకోండి. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ భయం వచ్చినప్పుడు, పెరట్లో కోడి చస్తే ఎవరికి చెప్పాలో మా వీధిలో ఒక్కరికీ తెలియలేదు. రోగం తేలితే చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను తీసేయాల్సి ఉంటుంది. ఏ పెరట్లో ఎన్ని ఉన్నాయో లెక్కే లేకపోతే మీవాళ్లు ఎక్కడని వెతుకుతారు?

చివరగా కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా. దొరికే సీసాల్లో చిన్నదే వంద డోసులది. మందు పొడిని ఒకసారి ద్రవంలో కలిపితే ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్లున్నవాళ్లం మిగతాది పారబోయాలి, లేదా టీకా మానేయాలి. ఎక్కువమంది మానేస్తున్నారు. పశువైద్యశాలలో నెలకో రోజు ఒక సీసా కలిపి తలా కొంచెం పంచితే సరిపోతుంది. కోళ్లన్నిటినీ ఒకచోటికి తెస్తే రోగం అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని తీసుకురాము. ఆ టీకా చుక్క కోడి కంట్లో వేయడం మాకు వచ్చు. ఆ తేదీ, వేళ ఆస్పత్రి గేటు మీద తెలుగులో, ఉర్దూలో రాయించండి చాలు. ఐసు వేసిన ఫ్లాస్కులు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి కోళ్లు పెంచుకునే ఒక గృహిణి