మన పెద్దన్నకు బ్లాక్ బెల్ట్

సభ్యులందరికీ నమస్కారం. పదమూడేళ్ల కిందట నల్లగొండలో మనతోపాటు తెల్ల బెల్టుతో మ్యాట్ మీద అడుగుపెట్టి, తెల్లవారుజామున సాధన, పగలంతా బత్తాయి తోట పని, సెలవు దొరికితే శిక్షణకు హైదరాబాద్ బస్సు అన్నట్టుగా గడిపిన మన పెద్దన్నకు నిన్న బ్రెజిలియన్ జియు-జిట్సులో (నేల మీద పట్లతో ప్రత్యర్థిని లొంగదీసే యుద్ధకళ) బ్లాక్ బెల్ట్ ప్రదానం చేశారని సంతోషంగా తెలియజేస్తున్నాను. అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల ప్రకారం సాధారణంగా నీలం బెల్టులో 2 ఏళ్లు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమలో ఏడాది కనీసం ఉండాలి. కానీ చాలామందికి నలుపు చేరేసరికి పదేళ్లు పడుతుంది. మోకాలి గాయంతో ఆటకు దూరమైన నెలల్లోనూ ఆయన మ్యాట్ పక్కన కూర్చొని, మెడ పట్టు బిగిసినప్పుడు పంతానికి పోకుండా ఎప్పుడు ట్యాప్ చేయాలో (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవాలో) కొత్త పిల్లలకు ఓపికగా నేర్పారు. నాకు అదే ఆయన అసలు అర్హతగా కనిపిస్తుంది. ఆదివారం సాయంత్రం 5 గంటలకు అందరూ గీ (సాధన దుస్తులు) ధరించి రాగలరు. ఒక్కొక్కరం ఆయనతో ఒక రౌండు సాధన చేద్దాం.