యాప్ పేరొక్కటే రాస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం. పాడ్‌కాస్ట్‌ల గురించి రాసినప్పుడల్లా ఫలానా యాప్‌లో వినండి అని వదిలేస్తున్నారు, మరి నాలా కంప్యూటర్‌లో వినేవాళ్ల సంగతేంటి? నేను వాడే యాప్ ఒకటి మూతపడి, మూడేళ్లుగా పోగేసుకున్న జాబితా మొత్తం గల్లంతైంది. తర్వాత మా అబ్బాయి పాత ల్యాప్‌టాప్‌లో జీపాడర్ అనే పాడ్‌కాస్ట్ సాఫ్ట్‌వేర్ వేసిచ్చాడు, ఉచితమే. పాడ్‌కాస్ట్ ఆర్‌ఎస్‌ఎస్ చిరునామా (కొత్త ఎపిసోడ్ల వివరాలు ఎప్పటికప్పుడు అందించే వెబ్ లింకు) కాపీ చేసి అందులో పేస్ట్ చేస్తే ఎపిసోడ్లన్నీ తేదీలతో సహా వరసగా వచ్చి కూర్చుంటాయి, కొత్తది వస్తే అదే చూపిస్తుంది, లాగిన్ గొడవ లేదు. 2005లో యాపిల్ వాళ్ల ఐట్యూన్స్‌ సాఫ్ట్‌వేర్‌లోకి పాడ్‌కాస్ట్‌లు వచ్చిందీ ఈ ఆర్‌ఎస్‌ఎస్ పద్ధతిలోనే. మన పాడ్‌కాస్ట్‌ల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా (ఈ చిరునామాలన్నీ ఒకేచోట ఉండే ఫైలు, వేరే సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకుంటుంది) దాచుకుంటే రేపు సాఫ్ట్‌వేర్ మారినా టెన్షన్ ఉండదు (ఈ ముక్క ముందే తెలిస్తే బాగుండేది!). రాత్రి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటే మల్కాజిగిరి నుంచి మెహదీపట్నం వెళ్లేసరికి రెండు ఎపిసోడ్లు అయిపోతాయి, మన ట్రాఫిక్ పుణ్యమా అని ఒక్కోసారి మూడు. చిక్కల్లా ఆ చిరునామా దొరకడమే. కొన్ని కార్యక్రమాలకైతే అసలు ఉండదు, వాళ్ల యాప్‌లోనే వినాలి. కాబట్టి పరిచయం వేసేటప్పుడు ఆర్‌ఎస్‌ఎస్ ఉందో లేదో కనీసం ఒక్క లైను రాయండి.

ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్