పాపతో కార్డు చేస్తానన్నావుగా బావా

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో చెప్పడం కుదరక "ఉత్తరం రాస్తాలేరా" అన్నాను. ఇదిగో, కూర్చున్నా. నేను పంపిన ఉగాది కార్డు మీద బంగారు అక్షరాలు వేలికి తగిలేలా ఉబ్బి ఉన్నాయి, ఏ ప్రెస్సులో వేయించావు అని కదా అడిగావు. ఏ ప్రెస్సూ కాదురా, మా ఇంట్లో భోజనాల బల్ల మీదే చేశాను. వచ్చే ఉగాదికి పాపతో అలాంటిది చేయించి ఇక్కడ అమ్మకి పంపాలని ఉందన్నావు చూడు, ఆ మాట విని నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. అందుకే నాకు తెలిసినదంతా రాసేస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ బంగారం సంగతి. దాన్ని హీట్ ఎంబాసింగ్ అంటారు. రంగు లేకుండా, నిదానంగా ఆరే బంక ఇంకు ఒకటి ఉంది. జపాన్ కంపెనీ సుకినేకో చేసే వెర్సామార్క్ ప్యాడ్ ఎక్కువమంది వాడతారు, మీ న్యూజెర్సీలో క్రాఫ్టు సామాన్లమ్మే మైకేల్స్‌ షాపుకి వెళ్తే దొరుకుతుంది. దాంతో రబ్బరు స్టాంపు వేస్తే కాగితం మీద తడి మచ్చ తప్ప ఏమీ కనిపించదు. అది ఆరేలోపు ఎంబాసింగ్ పౌడర్ చల్లాలి. వేడికి కరిగే సన్నటి ప్లాస్టిక్ పొడి అది. తడి ఉన్నచోట పట్టుకుంటుంది, మిగతాది కాగితం వంచి మళ్ళీ డబ్బాలో పోసేసుకోవచ్చు. తర్వాత హీట్ గన్ పట్టుకుని వేడి గాలి తగిలిస్తే, అప్పటిదాకా మట్టిగొట్టుకున్నట్టున్న పొడి ఒక మూల నుంచి కరగడం మొదలుపెట్టి, అక్షరం వెంట అలా మెరుపు పాక్కుంటూ పోతుంది. ఎన్నిసార్లు చేసినా నాకు ఆ మెరుపు చూడ్డం విసుగు రాదు. పాపని పక్కన కూర్చోబెట్టుకో, కానీ గన్ మాత్రం నీ చేతిలోనే ఉండాలి, బాగా కాలుతుంది. కాగితాన్ని కూడా వేళ్ళతో కాకుండా బట్టల క్లిప్పుతో పట్టుకో.

హెయిర్ డ్రయ్యర్ చాలదా అని చెల్లెమ్మ అడుగుతుంది, నాకు తెలుసు. చాలదు. వేడి తక్కువ, గాలి ఎక్కువ. పొడి అంతా ఎగిరిపోతుంది. హీట్ గన్ కూడా ఆన్ చేయగానే కాగితం మీద పెట్టకు. కాసేపు పక్కకి తిప్పి పట్టుకుని బాగా వేడెక్కనిచ్చి, అప్పుడు దగ్గరికి తీసుకురా. మెరుపు వచ్చిన చోటు నుంచి వెంటనే జరిగిపోవాలి. ఇంకాస్త ఉందాం అని అక్కడే నిలబడితే కరిగినది కాగితంలోకి ఇంకిపోయి, ఉబ్బు పోయి, నూనె మరకలా మిగులుతుంది. ఇంకో సంగతి, అక్షరాల చుట్టూ అక్కర్లేని చోట బంగారు చుక్కలు అంటుకుంటే చిరాగ్గా ఉంటుంది. ఇక్కడ బెజవాడలో ఉక్కకి కాగితం చెమ్మగిల్లి అంటుకుంటాయి. మీ దగ్గర చలికాలం హీటర్ గాలికి స్టాటిక్ వచ్చి అంటుకుంటాయి. రెంటికీ మందు ఒకటే, స్టాంపు వేసే ముందు పలచటి గుడ్డలో పౌడర్ మూటకట్టి కాగితం మీద ఒకసారి అలా తట్టడం. ముఖానికి రాసుకునే మామూలు పౌడరే.

ఇక ఇంకులు. కొనేటప్పుడు అందరూ ప్యాడ్ మీద ఏ రంగో చూస్తారు. ముందు చూడాల్సింది ఏ రకమో. డై ఇంకు కాగితంలోకి ఇంకుతుంది, గబుక్కున ఆరుతుంది. పిగ్మెంట్ ఇంకు కాగితం పైనే నిలుస్తుంది, తీరిగ్గా ఆరుతుంది. రంగు చిక్కగా ఉంటుంది, అంత తొందరగా వెలిసిపోదు. నున్నటి గ్లాసీ కాగితం మీద పిగ్మెంట్ ఇంకు వేస్తే మర్నాటికి కూడా చేతికంటుతుంది. నల్ల గీతల బొమ్మ వేసి లోపల రంగులు నింపాలంటే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. వాటర్ కలర్ వేస్తావా, అయితే వెర్సాఫైన్ నలుపు తీసుకో, ఆరాక నీళ్ళకి చెదరదు. కాపిక్ లాంటి ఆల్కహాల్ మార్కర్లతో నింపుతావా, అప్పుడు మెమెంటో నలుపు. ఈ రెండూ తారుమారయ్యాయా, నలుపు కరిగి పసుపులో కలిసి మామిడిపండు కాస్తా బొగ్గుముక్క అవుతుంది. నా లెక్కలో ఒక మంచి నలుపు, ఒక వెర్సామార్క్, ఆకుపచ్చా పసుపూ ఒక్కో ప్యాడ్ ఉంటే ఏడాదంతా గడిచిపోతుంది. షాపులో గోడ నిండా ఉన్న రంగులు చూసి ఆవేశపడకు.

ఒక్క డిస్ట్రెస్ ఇంకు దగ్గర మాత్రం ఆవేశపడొచ్చు. రేంజర్ కంపెనీ చేస్తుంది. నీళ్ళు తగిలితే కదిలే ఇంకు అది, కదలడమే దాని అందం. మెత్తటి బ్రష్షుకి అద్దుకుని, కాగితం బయట నుంచి మొదలుపెట్టి గుండ్రంగా తిప్పుకుంటూ లోపలికి వస్తే ఎక్కడా అంచు తెలియకుండా రంగు పాకుతుంది. లేత రంగు ముందు, ముదురు తర్వాత. పసుపు మీద నారింజ, దాని మీద కాస్త గులాబీ వేసి, తడి చేతివేళ్ళతో నీళ్ళు చిలకరించి వెంటనే టిష్యూతో అద్దేయి. చుక్క పడిన చోటల్లా రంగు తేలిపోయి తెల్లటి మచ్చలొస్తాయి. ఇప్పుడు ఈ రెండు పనులూ కలుపు. ముందు తెల్ల పౌడర్‌తో మామిడాకుల తోరణం ఎంబాస్ చేసి, దాని మీదుగా ఆకాశం రంగంతా రుద్ది, పొడి టిష్యూతో తుడిచేస్తే తోరణం మీద రంగు నిలవదు. తెల్లటి గీతలు తెల్లగానే బయటికొస్తాయి. రెసిస్ట్ అంటారు దీన్ని. నీకు పంపిన కార్డులో వెనకాల ఉన్న తోరణం ఇలా చేసిందే.

తోరణం అన్నానని పెద్ద స్టాంపేమీ లేదు నా దగ్గర. ఒకే ఒక్క మామిడాకు. దాన్నే పక్కపక్కన వేస్తూ పోయాను. ఒక ఆకు ముందు, ఇంకోటి దాని వెనక ఉన్నట్టు కనిపించాలంటే, ఆ ఆకునే స్టికీ నోట్ మీద వేసి కత్తిరించి, మొదటి ఆకు మీద కప్పేసి, రెండోది సగం ఆ కాగితం మీద పడేలా వేయాలి. కప్పింది తీసేస్తే రెండోది వెనక్కి వెళ్ళిపోతుంది. దూరంగా ఉన్న ఆకులు కావాలంటే స్టాంపుకి మళ్ళీ ఇంకు పెట్టకుండా, ముందు చిత్తుకాగితం మీద ఒకసారి వేసి, మిగిలిన ఇంకుతో కార్డు మీద వేయి. లేతగా పడుతుంది.

ఇప్పుడు అసలు ఒత్తడం గురించి. దీన్ని నాకు కళ్ళకి కట్టినట్టు చూపించింది పెడన. మచిలీపట్నం పక్కనే కదా, నేను చెక్క అచ్చుల కోసం వెళ్ళాను. కలంకారీ బట్టల మీద బొమ్మలు శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, ఇక్కడ టేకు చెక్క అచ్చులతో అద్దుతారని నీకు తెలిసిందే. గీతలకి ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకీ వేరే అచ్చు. అక్కడ అద్దకం బల్ల మీద చెయ్యి వేసి చూశాను. పైన గుడ్డలు మడతలు మడతలుగా పరిచి మెత్తగా ఉంది. చెక్క గట్టిది, వంగదు, కాబట్టి కింద బల్ల మెత్తగా ఉండి ఆ గీతలన్నిటికీ గుడ్డని అందించాలి. మన రబ్బరు స్టాంపుకి ఇది తిరగేసి చూసుకో. రబ్బరు, దాని వెనక స్పాంజి రెండూ మెత్తనివే, అందుకని కింద బల్ల గట్టిగా ఉండాలి. అడ్డదిడ్డంగా ఊపితే అంచులు కూడా కాగితానికి తగిలి మరకలు పడతాయి. తిన్నగా దింపి, అరచేత్తో నొక్కి, తిన్నగా లేపడమే. యాక్రిలిక్ దిమ్మకి అంటించుకునే పారదర్శకమైన క్లియర్ స్టాంపులకి స్పాంజి ఉండదు, వాటి కింద మాత్రం పాత మౌస్ ప్యాడ్ ఒకటి వేసుకో. కొత్త క్లియర్ స్టాంపుకి ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోతుంటే పెన్సిల్ రబ్బరుతో పైపైన రుద్దు, సరిపోతుంది. వాటిని ఎండలో వదిలేయకు, పచ్చబడి గట్టిపడతాయి.

పెడన అచ్చులు కాగితం మీద కూడా బ్రహ్మాండంగా పడతాయి. కాగితం కింద దుప్పటి మడతపెట్టి వేసుకుని, పిగ్మెంట్ ఇంకు ప్యాడ్‌నే అచ్చు మీద తట్టాలి. నువ్వు ఈసారి వచ్చినప్పుడు మనిద్దరం వెళ్దాం.

రబ్బరంటే గుర్తొచ్చింది, గంధకం కలిపి వేడి చేస్తే రబ్బరు ఎండకి జిగటగా, చలికి పెళుసుగా మారకుండా నిలుస్తుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. ఆ రబ్బరు లేకపోతే ఈ స్టాంపులే లేవు.

ఇదంతా ఒక ఎత్తు, తెలుగు అక్షరాలు ఒక ఎత్తు. బజారులో ఎక్కడ వెతికినా "హ్యాపీ బర్త్‌డే"లూ "థాంక్యూ"లే. మీ అమ్మకి ఉగాదికి వెళ్ళే కార్డు మీద తెలుగు లేకపోతే ఎలారా? నేనైతే ఊరుకోలేకపోయాను. ఆఫీసు ముద్రలు చేసే రబ్బరు స్టాంపుల షాపుకే వెళ్ళి చేయించుకున్నాను. వాళ్ళు కంప్యూటర్‌లో అక్షరాలు పెట్టి, నెగెటివ్ తీసి, పాలిమర్ మీద అతినీలలోహిత కాంతి పడేలా చేస్తారు. కాంతి తగిలిన చోటు గట్టిపడుతుంది, మిగతాది కడిగితే పోతుంది. లోపలే ఇంకు ఉండే ప్రీ-ఇంక్ రకం ఇస్తామంటారు, ఒప్పుకోవద్దు. దానికి బంగారం పౌడర్ పనికిరాదు. విడి పాలిమర్ కావాలని గట్టిగా అడగాలి.

ఫాంటు దగ్గర బాగా ఆలోచించాలి. మన అక్షరాలన్నీ సున్నాలూ వంపులే. "శుభాకాంక్షలు" చిన్నదిగా వేస్తే ఆ సున్నాల లోపలి ఖాళీల్లో ఇంకు నిండిపోతుంది, పౌడర్ కరిగి ఉబ్బితే పూర్తిగా మూసుకుపోతాయి. వత్తులు కింద వరసకి తగులుతాయి. రామభద్ర లాంటి లావు ఫాంటు పెద్ద సైజులో నిండుగా ఉంటుంది, చిన్నదానికి ఒద్దు. చిన్నదానికి మండలి లాంటి సమానమైన గీతలున్నవి మేలు. సిలికానాంధ్ర వాళ్ళ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. పౌడర్ కూడా సన్నటి రకం, సూపర్‌ఫైన్ అని రాసుంటుంది, అదే కొను. నీకు కావాలంటే నేనిక్కడ చేయించి పంపుతా, ఏ మాట కావాలో చెప్పు.

పాపకి సొంత స్టాంపు చెక్కుకోవాలని ఉంటే పెన్సిల్ రబ్బరు చాలు. బటర్ పేపర్ మీద పెన్సిల్‌తో వేపపువ్వు గీసి, బోర్లించి రబ్బరు మీద పెట్టి గోటితో రుద్దితే బొమ్మ తిరగబడి దిగుతుంది, అచ్చు వేశాక సరిగ్గా వస్తుంది. చెక్కేటప్పుడు గీత అడుగున వెడల్పుగా మిగిలేలా కత్తి ఏటవాలుగా పట్టాలి. ఆ చెక్కడం నువ్వు చెయ్యి. అన్నిటికంటే ముందు బెండకాయతో మొదలుపెట్టించు. గుర్తుందా, బడిలో అడ్డంగా కోసిన బెండకాయ ఇంకులో ముంచి పువ్వులేసేవాళ్ళం, ఆకు పెట్టి టూత్‌బ్రష్షుని దువ్వెన మీద రుద్ది ఇంకు చిమ్మేవాళ్ళం, దారం ముంచి మడిచిన కాగితంలో పెట్టి లాగేవాళ్ళం. నువ్వు లాగిన దారం బొమ్మలు నావాటికంటే ఎప్పుడూ బాగుండేవి. అవన్నీ కార్డు మీద ఇవాళ్టికీ అంతే ముద్దుగా ఉంటాయి.

కాగితం నున్నగా, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల్లో బరువు) దాకా ఉండాలి. గరుకు వాటర్ కలర్ కాగితం మీద అక్షరం విరుగుతుంది. మీ దగ్గర లెటర్ సైజు షీటు సగానికి కోసి మడిస్తే 4.25 ఇన్‌టూ 5.5 అంగుళాల కార్డు అవుతుంది, దానికి ఏ2 ఎన్వలప్ సరిగ్గా పడుతుంది. మడిచే ముందు స్కేలు పెట్టి, రీఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో గీటు పెట్టు. కాగితాన్ని ముందు రెండు వైపులా కొద్దిగా వంచి చూడు, ఏ వైపు సులువుగా వంగుతుందో అటు మడిస్తే మడత పగలదు. అలాంటి కార్డు, ఎన్వలప్ కలిపినా ఔన్సుకి లోపే, విదేశాలకి వేసే ఉత్తరాల తపాలా బిళ్ళ, గ్లోబల్ ఫరెవర్ స్టాంపు, ఒకటి అంటిస్తే వచ్చేస్తుంది. పూసలూ గుండీలూ అంటించకండి, ఎత్తుపల్లాలుంటే మెషీన్‌లో వెళ్ళదని అదనంగా కట్టమంటారు, పైగా దారిలో ఊడతాయి. ఎంబాసింగ్ ఉబ్బు అంత ఇబ్బంది పెట్టదు, కాకపోతే దాని మీద ఒక పలచటి కాగితం వేసి కవర్లో పెట్టు.

లోపలి పేజీ మాత్రం ఖాళీగా ఉంచు. అక్కడ పాప తన చేత్తో "నాయనమ్మకి" అని తెలుగులో రాయాలి. అక్షరాలు వంకరగా ఉన్నా నువ్వు దిద్దకు.

పోస్టు చేరడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి సంక్రాంతి కాగానే పని మొదలుపెట్టండి. స్టాంపు మీద ఏం కావాలో ఈ వారంలోనే రాయి, "ఉగాది శుభాకాంక్షలు" ఒక్కటేనా, పాప పేరు కూడానా? పేరైతే తన చేతిరాతలోనే చేయించొచ్చు, తెల్లకాగితం మీద నల్ల స్కెచ్‌పెన్నుతో పెద్దగా రాయించి ఫోటో తీసి పంపు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ